మూత తీయడం నేర్చుకున్న ఎండాకాలం

పోయిన ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. వాళ్ళ పాప ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. "అక్కా, ఫోనిక్స్ క్లాసులో వెయ్యాలా, ఏ యాప్ మంచిది, మా పక్కింటి పిల్ల అప్పుడే పుస్తకాలు చదివేస్తోందట, మాది ఇంకా బి, డి తిరగేసి రాస్తోంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే నేను మధ్యలో "లంచ్ డబ్బా మూత తనే తీసుకుంటుందా?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. వెటకారం చేస్తున్నాననుకుంది పాపం. కాదే తల్లీ, మా వాడికి రాలేదు, అందుకని అడిగా. దాని వెనక ఒక ఎండాకాలం అంతా ఉంది, ఫోన్‌లో చెబితే తెమిలేది కాదని ఇలా కూర్చుని రాస్తున్నా.

అది 2011. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. ఆ ఏటి ఎండలు ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. జులై 2న మొదలై ఆగస్టు 10 దాకా వరసగా 40 రోజులు వంద డిగ్రీలకి తగ్గలేదు, మన లెక్కలో 38 అనుకోండి, ఏడాది మొత్తం మీద అలాంటి రోజులు 71. అమ్మ ఏప్రిల్‌లో అమలాపురం నుంచి వచ్చింది. చుట్టుపక్కల అందరూ ఏసీ కింద నుంచి కదలకపోతే ఈవిడ బాల్కనీలో పాత దుప్పటి పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టి, "ఒక్క ఎండకే గలగలలాడుతున్నాయే అమ్మాయ్, మన గోదావరి ఎండ దీని ముందు ఏం పనికొస్తుంది" అని మురిసిపోయింది. అపార్ట్‌మెంట్ ఆఫీసు వాళ్ళు చూస్తే నోటీసు పెడతారేమోనని నా టెన్షన్ నాది.

మా వాడికి మార్చిలో అయిదు నిండాయి. టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. సెప్టెంబర్ 2న పుట్టినవాడు ఇంకో ఏడాది ఆగాల్సిందే. ఇది చెబితే అమ్మ పగలబడి నవ్వింది. నన్ను బళ్ళో వేసినప్పుడు మేష్టారు నా కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమన్నారు. అందింది. అంతే, అయిదేళ్ళు నిండినట్టే. పుట్టినరోజు ఎప్పుడంటే మా నాన్న "శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన నాలుగో రోజు" అన్నారట, మేష్టారు రిజిస్టర్‌లో జులై 1 అని రాసుకున్నారు. మా తరగతిలో సగం మంది జులై 1నే పుట్టాం. ఇప్పటికీ నా పాస్‌పోర్టులో అదే.

అప్పట్లో బడికి తయారవ్వడం అంటే ఒక కొత్త పలక, రెండు బలపాలు, తరగతి అందరికీ పంచడానికి గుడ్డ సంచిలో పప్పూ బెల్లం. నాన్న బస్ డిపోలో మెకానిక్, డ్యూటీకి వెళ్తూ వెళ్తూ సైకిల్ ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని దింపేసి వెళ్ళిపోయారు. బలపం తినకు అని ఒక్క మాట చెప్పారు. తిన్నాను.

మా వాడైతే ఆ అయిదేళ్ళలో డేకేర్ మొహం చూడలేదు. మేమిద్దరం ఉద్యోగాలే, కానీ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళని ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి ఆరు నెలలు మా అమ్మ, ఆరు నెలలు మా అత్తగారు, మధ్యలో ఖాళీ వస్తే మా ఆయన ఇంటి నుంచి పని. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఇదే ఏర్పాటు. దాంతో వాడు అచ్చం కోనసీమ పిల్లాడిలా తయారయ్యాడు. పిలిస్తే "ఆయ్" అనేవాడు. లిఫ్ట్‌లో ఎవరైనా హాయ్ అంటే మాత్రం నా చున్నీ వెనక్కి పోయేవాడు. అన్నం అమ్మమ్మ కలిపి నోట్లో పెట్టాలి, చెప్పులు అమ్మమ్మ తొడగాలి, మంచినీళ్ళ గ్లాసు కూడా అమ్మమ్మే పట్టుకోవాలి. అదంతా ముద్దుగానే ఉండేది, ఏప్రిల్ దాకా.

ఏప్రిల్ చివర్లో స్కూల్ రిజిస్ట్రేషన్‌కి పిలిచారు. దాన్ని ఇక్కడ "రౌండప్" అంటారు, ఆవుల్ని మందగా తోలుకొచ్చే మాట, టెక్సస్ కదా. బర్త్ సర్టిఫికెట్, కరెంటు బిల్లు, టీకాల కాగితం పట్టుకెళ్ళాం. ఆ టీకాలు ఒక ప్రహసనం, డీటాప్ అయిదోది, పోలియో నాలుగోది, ఎంఎంఆర్ రెండోది, ఆటలమ్మది రెండోది, నాలుగూ ఒకే రోజు, తొడకి రెండేసి. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు.

నేను జనవరి నుంచీ వాడికి ఏబీసీడీలు, వందదాకా అంకెలు, రంగులు, నెలల పేర్లు రుద్దుతూనే ఉన్నాను. ఎవరైనా అడిగితే టకటకా చెప్పెయ్యాలని నా ఆశ. హ్యాండ్‌బ్యాగ్‌లో ఫ్లాష్‌కార్డులు కూడా పెట్టుకెళ్ళా, ఎందుకో నాకే తెలీదు. ఎవ్వరూ ఏమీ అడగలేదు. అక్కడున్నావిడ నవ్వుతూ ఒక కాగితం ఇచ్చింది, ఆగస్టు లోపు ఇవి అలవాటు చెయ్యండి అని. ప్యాంటు తనే విప్పుకుని తనే వేసుకోవాలి. బూట్లు వేసుకోవాలి. కత్తెరతో గీత మీద కత్తిరించాలి. లంచ్ డబ్బా మూత, చిప్స్ ప్యాకెట్, జ్యూస్ స్ట్రా తనే తీసుకోవాలి. బాత్రూమ్ పని తనే చూసుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే పలకాలి. అన్నిటికంటే కింద, చివరి వరసలో, "కొన్ని అక్షరాలు గుర్తుపడితే మంచిది" అని ఉంది. కొన్ని! ఇరవయ్యారూ అటు నుంచి ఇటు కూడా చెప్పే పిల్లాడికి. పైన ఉన్నవాటిలో ఒక్కటీ వాడికి రాదన్న సంగతి ఇంటికొచ్చాక గానీ నాకు వెలగలేదు.

అక్కడే ఇంకో కాగితం కూడా నింపాలి. అందులో ప్రశ్నలు రెండే. మీ ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, మీ పిల్లవాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు. మా ఫ్రెండ్స్ అందరూ ముందే హెచ్చరించారు, తెలుగు అని రాశావంటే పరీక్ష పెట్టి ఇఎస్ఎల్‌లో, అంటే ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీష్ నేర్పే క్లాసులో, వేస్తారు, ఇంగ్లీష్ రాని పిల్లాడని ముద్ర పడుతుంది, నోరు మూసుకుని ఇంగ్లీష్ అని రాసెయ్ అని. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. మా ఆయన "కింద సంతకం పెట్టాలి, అబద్ధం రాసి సంతకం ఎలా పెడతాం" అంటాడు, నేను "నీకేం, రేపు వాడు వెనకబడితే" అంటాను. పక్కన కూర్చున్న అమ్మ "ఏమిటంట?" అంది. ఇంట్లో ఏం భాష మాట్లాడతారని అడుగుతున్నారమ్మా అన్నాను. "దానికింత ఆలోచనేమిటే, వినపడట్లా?" అంది. తెలుగు అని రాశాను, రెండు చోట్లా.

తర్వాత వాణ్ణి ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళి బొమ్మలు చూపించి ఏవో అడిగారు. పావుగంటలో బయటికొచ్చాడు, చొక్కా మీద నక్షత్రం స్టిక్కర్‌తో.

"ఏం అడిగారు నాన్నా?"

"కాకి, బకెట్టు, వాన, అన్నీ."

"చెప్పావా మరి?"

"లేదు. ఆవిడకి తెలుగు రాదమ్మా."

ఇఎస్ఎల్‌లో వేశారు. ఆ రోజు కారులో నేను ముక్కు చీదుకుంటూ కూర్చున్నా గానీ తర్వాత అది ఏమంత గొడవ కాలేదు, రెండో క్లాసుకొచ్చేసరికి అందులోంచి బయటికొచ్చేశాడు. మొదటి వారంలోనే ఆ ఇఎస్ఎల్ టీచర్ నన్ను పిలిచి, ఇంట్లో తెలుగు మానకండి, ఒక భాషలో కథ చెప్పగలిగిన పిల్లాడు రెండోదాంట్లోనూ చెప్పేస్తాడు, మీరు ఇంగ్లీష్ నేర్పించే పని నాకు వదిలెయ్యండి అంది. ఫ్రెండ్స్ మాట వినకపోవడం వల్ల నేను బాగుపడిన సందర్భాలు తక్కువ, అందులో ఇదొకటి.

ఇక ఎండాకాలం. బయట అడుగు పెట్టలేం, కాబట్టి శిక్షణంతా హాల్లోనే, నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి ట్రైనర్ అమ్మే. కానీ ఆ ట్రైనర్‌కి ఆ కాగితంలో ఉన్నవాటిలో సగం మీద నమ్మకం లేదు.

కత్తెర దగ్గరే మొదటి పేచీ. పసివాడి చేతికి కత్తెరేమిటి, పైగా ఊరికే టకటకలాడిస్తే ఇంట్లో గొడవలొస్తాయి అని అమ్మ దాన్ని దాచేసింది. నేను మొండి మొన ఉన్న పిల్లల కత్తెర కొనుక్కొచ్చి, ఇది ఊరికే ఆడించడం కాదమ్మా, కాగితం పెడుతున్నాం కదా అని లా పాయింట్ తీశాను. సరే అంది. కిరాణా కొట్లవాళ్ళు వారం వారం పోస్టులో పంపే రంగుల కాగితాలు ఉంటాయే, వాటిల్లోంచి కూరగాయలూ పళ్ళూ కత్తిరించడం. మొదట్లో వాడు కత్తెరని చాకులా పట్టుకుని కోసేవాడు. బొటనవేలు పై కన్నంలో, మిగతా రెండు వేళ్ళు కింద కన్నంలో, కాగితాన్ని తిప్పాలి గానీ చేతిని కాదు అని నేను చెబితే ఎక్కలేదు. అమ్మ కూరల పీట ముందు కూర్చుని బీరకాయ చెక్కుతూ "చూడు, కాయ తిరుగుతోందా కత్తి తిరుగుతోందా?" అంది. కాయ అన్నాడు. అంతే. జులై మధ్యకల్లా అరటిపళ్ళ హస్తం మొత్తం ఒంపులతో సహా కత్తిరించేవాడు. అమ్మ అన్నం మెతుకులతో వాటిని ఫ్రిజ్ మీద అంటించేది. ఫ్రిజ్ నిండా పావలా తక్కువ డాలరుకి అరటిపళ్ళు, రెండు డాలర్లకి ద్రాక్ష.

బాత్రూమ్ సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తా. స్కూల్లో మగ్గు ఉండదు. కాగితమే. ఈ ముక్క అమ్మకి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. "కడుక్కోకుండా ఎలాగే?" అని ఆవిడ మొహం పెట్టిన తీరు చూసి నేనే ఏదో తప్పు చేసినట్టు నేల చూపులు చూశాను. మా ఆయన ఆ పాఠం తను చెబుతానన్నాడు, వారం రోజులు బాత్రూమ్ తలుపు అవతల నుంచి తండ్రీ కొడుకుల నవ్వులు తప్ప పురోగతి ఏమీ వినపడలేదు. చివరికి వాడు తనంతట తనే ఒక పరిష్కారం కనిపెట్టుకున్నాడు, పొద్దున్నే ఇంట్లో పని ముగించుకుని వెళ్ళడం, లేకపోతే సాయంత్రం దాకా బిగపట్టుకుని బస్సు దిగగానే పరుగో పరుగు. సెప్టెంబర్ అంతా మా గుమ్మంలో బ్యాగు ఒకచోట, బూట్లు ఒకచోట పడి ఉండేవి.

మూత దగ్గర మాత్రం నిజంగా కష్టపడ్డాం. లంచ్‌కి ఇచ్చేది అరగంట, అందులో వరసలో నడవడం, చేతులు కడుక్కోవడం పోతే మిగిలేది ఇరవై నిమిషాలు. ఎవరూ తినిపించరు. మా వాడు ఇంట్లో ఒక దోసె తినడానికి ముప్పావుగంట, అదీ ఆవకాయ జాడీ కథ, చందమామ కథ, ఇంకో ముద్ద తినకపోతే కాకికి పెడతా లాంటి బెదిరింపులు అన్నీ అయితే. నేను వంటింటి టైమర్ ఇరవై నిమిషాలకి పెట్టి ఆఫీసుకెళ్ళేదాన్ని. సాయంత్రం అడిగితే "పద్దెనిమిది నిమిషాలకే తినేసి లేచాడు" అనేది అమ్మ గర్వంగా. ఒక రోజు మధ్యాహ్నం ముందుగా ఇంటికొస్తే సంగతి బయటపడింది, టైమర్ టిక్కుటిక్కుమంటోంది, వాడు కళ్ళు మూసుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాడు, అమ్మ గబగబా ముద్దలు పెట్టేస్తోంది. ఇద్దరూ నన్ను చూసి దొంగల్లా ఆగిపోయారు.

పోట్లాడాను. గట్టిగానే. అక్కడికి నువ్వెళ్ళి పెడతావా అన్నాను. అమ్మ ఏం మాట్లాడలేదు, చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాగుండదు. మర్నాడు నేను లేచేసరికి అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కొత్త స్టీలు ఫ్లాస్కు ముందు పెట్టుకుని కూర్చుంది, అదే, వేడి అన్నం పోసి మరమూత బిగించేది. వేడి ఆరేకొద్దీ ఆ మూత లోపలికి పట్టేస్తుంది, నాకే రాదు, వాడి చిట్టి చేతులకి ఎక్కడొస్తుంది. అమ్మ కొత్తిమీర కట్టకి వచ్చిన రబ్బరు బ్యాండు తీసి మూత చుట్టూ రెండు చుట్లు వేసింది. "ఇప్పుడు తిప్పు చిన్నా." వాడు ఫ్లాస్కుని పొట్టకి ఆనించుకుని, పళ్ళు బిగించి, నాలుక ఒక పక్కకి పెట్టి తిప్పాడు. జారింది. మళ్ళీ. మూడోసారికి బుస్సుమని చిన్న చప్పుడొచ్చి మూత చేతిలోకొచ్చింది. వాడు మూతని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి "పెరుగన్నం" అన్నాడు, అదేదో భూమిలోంచి తవ్వి తీసినట్టు. ఆ రోజు నుంచి వాడే తిన్నాడు. చొక్కా నిండా పోసుకున్నాడు, కింద చీమలొచ్చాయి, కానీ వాడే తిన్నాడు. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చునేది. అలా చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోగా నేను ఆవిణ్ణి అంతకుముందు చూడలేదు.

అన్నీ అయ్యాయి, పేరొక్కటి మిగిలింది.

నాన్న 2004లో పోయారు. రెండేళ్ళకి వీడు పుడితే ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ పేరు నేను ఇక్కడ రాయను, ఎందుకో మీకే అర్థమవుతుంది. అన్నవరం కొండ మీద ఉన్న స్వామి పేరే, చివర మూర్తి అని ఉంటుంది, మా గోదావరి జిల్లాల్లో వీధికి నలుగురు ఉంటారు. మొగుడి పేరు నోటితో అనడం మా అమ్మకి అలవాటు లేదు. అలవాటు లేదనడం చిన్న మాట, బ్యాంకులో గుమాస్తా భర్త పేరు అడిగితే నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పాలి. వ్రతం చేయించుకుంటే కూడా "అన్నవరం వ్రతం" అనేదే తప్ప అసలు పేరు అనేది కాదు. నేను మా ఆయన్ని పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికీ ఆవిడ చూపు గోడ మీదికి పోతుంది. ఇలాంటావిడ మనవణ్ణి తాత పేరుతో పిలుస్తుందా? చిన్నా అంది. ఆవిడని చూసి మా అత్తగారూ చిన్నా, మేమూ చిన్నా. అయిదేళ్ళు ఇంట్లో వాడు చిన్నాగానే ఉన్నాడు. వాడికో పెద్ద పేరుందని వాడికి తెలుసు, అది గోడ మీద ఫొటోలో ఉన్న తాతగారిదని కూడా తెలుసు, దాంతో తనకి పనేమిటో తెలీదు.

స్కూల్ ఆగస్టు 22, సోమవారం. అప్పట్లో ఆగస్టు నాలుగో సోమవారం కంటే ముందు తెరవకూడదని ఇక్కడ చట్టం. ఆ ముందు గురువారం సాయంత్రం పిల్లల్ని తీసుకొచ్చి టీచర్‌ని కలవమన్నారు. వెళ్ళాం. గది చూపించారు, చిన్న చిన్న కుర్చీలు, ఒక మూల చేపల తొట్టె. మా వాడు తొట్టెకి ముక్కు ఆనించుకుని నిలబడిపోయాడు. టీచర్ వెనక నుంచి కాగితంలో ఉన్న పేరుతో పిలిచింది, ముందు రెండక్షరాలు చాలులే అని మేం రాయించిన పేరు. తిరగలేదు. మళ్ళీ పిలిచింది. లేదు. దగ్గరికెళ్ళి మూడోసారి పిలిచింది. వాడు చేపని చూస్తున్నాడు. అప్పుడావిడ నా వైపు తిరిగి, చాలా మెల్లిగా, నొప్పించకుండా, వీడికి వినికిడి పరీక్ష చేయించారా అని అడిగింది.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. కోపంగా కాదు, ఊరికే జరిగింది చెప్పాను. వీడికి చెవుడేమో అనుకుంది పాపం ఆ టీచర్ అని నవ్వబోయాను కూడా. అమ్మ నవ్వలేదు.

శుక్రవారం నేను మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. స్కూళ్ళు తెరిచే ముందు వారాంతంలో ఇక్కడ వంద డాలర్ల లోపు బట్టలకీ, స్కూల్ సామానుకీ సేల్స్ ట్యాక్స్ ఉండదు, అందుకని జనమంతా అప్పుడే ఎగబడతారు, ఆ రద్దీలో పడి ఇరవైనాలుగు రంగుల క్రేయాన్లు, జిగురు గొట్టాలు, టిష్యూ డబ్బాలు, జిప్ సంచులు అన్నీ కొనుక్కొచ్చి వంటింటి గట్టు మీద పెట్టి ఒక్కొక్క పెన్సిల్ మీదా వాడి పేరు రాస్తూ కూర్చున్నాను. (అవన్నీ టీచర్ ఒకే బుట్టలో కలిపేసి అందరికీ పంచుతుందని, పేర్లు రాయొద్దని లిస్టు కిందే ఉంది. నేను చదవలేదు.) హాల్లో అమ్మా వాడూ బడి ఆట ఆడుతున్నారు. ఆ ఆట రోజూ ఉండేదే, సోఫా మీద ఎలుగుబంటి, ప్లాస్టిక్ డైనోసార్, తోక ఊడిన కోతి, చివర్న వాడు. అమ్మ హాజరు వేస్తుంది.

"ఎలుగుబంటీ!"

"ప్రెజెంట్ మేడమ్." గొంతు బొంగురు చేసుకుని వాడే.

"కోతీ!"

"ప్రెజెంట్ మేడమ్." కీచుగా.

ఇప్పుడు చిన్నా అనాలి. అనలేదు. చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను మెడ సాచి చూశాను. అమ్మ వాడి వైపు కాకుండా బాల్కనీ తలుపు వైపు తిరిగి నిలబడి ఉంది, కొంగు చివర చేత్తో నలుపుతోంది. అలా తిరిగే పిలిచింది, పేరు మొత్తం, ఒక్క అక్షరం కూడా మింగకుండా, చివర గారూ చేర్చి.

"అది తాతగారి పేరు కదా అమ్మమ్మా?"

"నీది కూడా నాన్నా. మేడమ్ పిలిచినప్పుడు పలకాలి."

వెంటనే రెండు లెంపలూ వేసుకుంది.

వాడికి అది ఆటలో భాగమనిపించింది కాబోలు, వాడూ లెంపలు వేసుకుని "ప్రెజెంట్ మేడమ్" అన్నాడు. "ఇంకోసారి పిలు" అన్నాడు. పిలిచింది. ఇంకోసారి. ప్రతిసారీ గారూ, ప్రతిసారీ లెంపలు. నేను పెన్సిళ్ళు పక్కన పెట్టేసి, చప్పుడు కాకుండా వంటింట్లోనే ఉండిపోయాను. ఆవిడ గొంతులో నాన్న పేరు నేను వినడం అదే మొదటిసారి, నాకప్పుడు ముప్పై అయిదేళ్ళు.

సోమవారం పొద్దున అమ్మ వాడికి తలంటి, బొట్టు పెట్టి, దేవుడి దగ్గర పలక పట్టించింది, ఆ పలక ఊరి నుంచి తెచ్చిందే, సూట్‌కేసులో ఒక మూల పగిలింది. క్లాసు గుమ్మం దాకా నేను వెళ్ళాను. వాడు ఏడవలేదు. రబ్బరు బ్యాండు ఉందో లేదో ఒకసారి సంచి తెరిచి చూసుకుని లోపలికెళ్ళాడు. సాయంత్రం ఫ్లాస్కు ఖాళీగా వచ్చింది, రబ్బరు బ్యాండు రాలేదు. ఏమైందంటే పక్కన కూర్చున్న అబ్బాయికి మూత రాలేదట, వీడు తీసిపెట్టి, బ్యాండు వాడికి ఇచ్చేశాడట. కొత్తిమీర కట్టలకి మాకు లోటు లేదు కాబట్టి సరిపోయింది.

సెప్టెంబర్ మధ్యలో ఒక శనివారం ముగ్గురం సరుకులకి వెళ్ళాం. నేను పాల దగ్గర ఉన్నాను. ఎవరో "గారూ!" అని గట్టిగా అరిచారు. అమ్మ టక్కున తిరిగింది, తెలుగువాళ్ళెవరో తనని పిలుస్తున్నారనుకుని. తిరిగి చూస్తే కార్ట్ ముందు సీట్లో కూర్చుని, రెండు పిలకలున్న తెల్ల పిల్ల ఒకతి, చెయ్యి ఊపుతూ మళ్ళీ "హాయ్ గారూ!" అంటోంది. మా వాడు ఏమీ వింత కానట్టు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల తల్లి మా దగ్గరికొచ్చి, ఓ, గారూ వాళ్ళమ్మ మీరేనా, మా ఇంట్లో రోజూ గారూ కబుర్లే, లంచ్ డబ్బాలన్నీ గారూనే తెరిచిపెడతాడట కదా అంది.

వాళ్ళు వెళ్ళాక వాణ్ణి నిలదీశాను. ఏముంది, మొదటి రోజు టీచర్ నిన్ను ఏమని పిలవాలి అని అడిగిందట. అమ్మమ్మ నేర్పినట్టు మొత్తం చెప్పాడట. "మా టీచర్‌కి చివరిది ఒక్కటే వచ్చిందమ్మా" అన్నాడు. డెస్కు మీద, బ్యాగు తగిలించే కొక్కెం మీద, పుట్టినరోజుల చార్టులో, అంతటా జీ, ఏ, ఆర్, యూ.

నాకు నవ్వాగలేదు, కానీ అది పేరు కాదు కదా, సోమవారం టీచర్‌తో మాట్లాడి మార్పిస్తానన్నాను.

"ఎందుకే మార్చడం?" అంది అమ్మ. "మీ నాన్నగారు ముప్పై ఏళ్ళు ఆ బస్సుల కింద పడుకుని పనిచేశారు. ఒరే మూర్తీ అన్నవాళ్ళే గానీ, గారూ అన్న నాథుడు ఒక్కడు లేడు. ఉండనీ."

అని కార్ట్ తోసుకుంటూ అరటిపళ్ళ వైపు వెళ్ళిపోయింది.